ఐదు రోజులు నెట్ లేదు, ఈ కెమెరా సెట్ ఎంతవరకు ఆదుకుందంటే

కెమెరాలు కొనేముందు నేను చదివిన రివ్యూలన్నీ రాత్రిపూట బొమ్మ ఎంత క్లియర్‌గా వస్తుంది, యాప్ ఎలా ఉంది అన్న దగ్గరే ఆగిపోయాయి. నెట్ పోతే ఏమవుతుందో ఒక్కరూ రాయలేదు. నాకు కావాల్సింది అదే. అంతకుముందు మా ఇంట్లో ఉన్న రెండు వైఫై కెమెరాలు వీడియో అంతా క్లౌడ్‌లోనే దాచేవి, ఓ రాత్రి నెట్ లేనప్పుడు ఎవరో గోడ దూకి వచ్చి సైకిల్ పట్టుకెళ్లారు, పొద్దున యాప్ తెరిస్తే సరిగ్గా ఆ నాలుగు గంటలూ ఖాళీ. పగలంతా అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంటుంది. సైకిల్ పోతే పోయింది, ఆ ఖాళీ చూసి మాత్రం భయమేసింది.

అందుకే ఈసారి వైర్‌తో నడిచే సెట్ తీసుకున్నా. నాలుగు కెమెరాలు, ఒక ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే డబ్బా), అందులో 2 టీబీ హార్డ్ డిస్క్. పీఓఈ కాబట్టి కెమెరాకు ఒక్క ల్యాన్ కేబుల్ చాలు, కరెంటూ వీడియో రెండూ అందులోనే వెళ్తాయి. 100 మీటర్ల దాకా లాగొచ్చు గనక గేటు వరకు ఇబ్బంది రాలేదు. గోడలకు కన్నాలు వేయించడం మాత్రం పెద్ద పనే, రెండు రోజులు పట్టింది.

మూడో వారంలో వీధిలో తవ్వకాలకు ఫైబర్ తెగింది, ఐదు రోజులు నెట్ లేదు.

రికార్డింగ్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు, ఈ సెట్‌కి నేను మార్కులు వేసేది ముందుగా దీనికే. ఒక్కో కెమెరా వీడియో డేటా వేగాన్ని 4 ఎంబీపీఎస్‌కి పెట్టాను, ఆ లెక్కన కెమెరాకు రోజుకు 43 జీబీ దాకా, నాలుగింటికీ కలిపి 170 జీబీ పైమాటే, అంటే డిస్క్‌లో దాదాపు 11 రోజుల వీడియో ఉంటుంది, ఆ తర్వాత పాతది చెరిపేసి కొత్తది రాసుకుంటుంది. టీవీకి హెచ్‌డీఎంఐ తగిలిస్తే అమ్మ కూర్చున్న చోటునుంచే గేటు చూడగలిగింది.

ఫోన్ దగ్గరే చిక్కొచ్చింది. ఇంట్లోనే ఉన్నా, వైఫై కూడా ఉంది, అయినా యాప్ మాత్రం ‘డివైస్ ఆఫ్‌లైన్’ అంటుంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కలిపితే యాప్ ముందు కంపెనీ సర్వర్‌ని అడిగి, అక్కడినుంచి మన ఎన్‌వీఆర్ దగ్గరికి వస్తుందట. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే నెట్ వచ్చాక మళ్లీ చేయండి అన్నారు, నిజంగా కోపం వచ్చింది, నెట్ లేకపోవడమే కదా నా సమస్య! సాయంత్రమంతా సెట్టింగ్స్ వెతికితే దారి దొరికింది. యాప్‌లో ఎన్‌వీఆర్‌ని ఐపీ అడ్రస్‌తో (ఇంటి నెట్‌వర్క్‌లో దానికుండే నంబరు) విడిగా చేర్చుకోవాలి, ఆ అడ్రస్ మారిపోకుండా రౌటర్‌లో ఫిక్స్ చేసుకోవాలి. బయట నెట్ లేకపోయినా రౌటర్ ఆన్‌లో ఉంటే చాలు, ఇంటి లోపల అన్నీ కనిపిస్తాయి. మాన్యువల్‌లో ఈ ముక్క ఎక్కడా లేదు, ఒక స్టార్ తగ్గించింది అందుకే.

నేను ఆఫీసులో ఉంటే మాత్రం నోటిఫికేషన్ ఒక్కటీ రాలేదు, రెండు రోజులు ఒకటే టెన్షన్. మూడో రోజు రౌటర్ యూఎస్‌బీ పోర్ట్‌కి సిమ్ వేసిన 4జీ డాంగిల్ పెట్టాను, అప్పుడు అలర్ట్‌లు మొదలయ్యాయి. లైవ్ చూసేటప్పుడు సబ్ స్ట్రీమ్‌కి, అంటే తక్కువ క్వాలిటీ వీడియోకి మార్చుకోండి, లేకపోతే ఒక్క కెమెరాకే గంటకు 1.8 జీబీ ఖర్చవుతుంది, 512 కేబీపీఎస్‌కి తగ్గిస్తే పావు జీబీ కూడా కాదు. ఎవరొచ్చారో గుర్తుపట్టడానికి అది సరిపోతుంది.

కరెంటు పోయినా రికార్డింగ్ వెంటనే ఆగదు. కెమెరాలకు కరెంటు ఎన్‌వీఆర్ నుంచే వెళ్తుంది కాబట్టి ఎన్‌వీఆర్‌కీ రౌటర్‌కీ కలిపి ఒక్క యూపీఎస్ పెట్టాను, మా ఇంట్లో గంటన్నర లాగుతోంది. వైఫై కెమెరాలైతే ఒక్కో అడాప్టర్‌కీ విడిగా ఏర్పాటు చూడాలి.

వీడియో అంతా ఇంట్లోనే ఉన్నప్పుడు దొంగ ఆ డబ్బా ఎత్తుకుపోతే అన్నీ పోతాయి. ఎన్‌వీఆర్‌ని హాల్లోంచి తీసి స్టోర్ రూమ్‌లో గాలి ఆడే చోట పెట్టి తాళం వేశాను, గేటు కెమెరాలో మెమరీ కార్డు కూడా వేశాను, అక్కడిది రెండు చోట్ల రికార్డవుతుంది. మొదటిసారి ఆన్ చేయగానే పాస్‌వర్డ్ మార్చేదాకా ముందుకు పోనివ్వలేదు, అది నాకు చాలా నచ్చింది. 2016లో మిరాయ్ మాల్‌వేర్ లక్షల కెమెరాల్లోకీ రౌటర్లలోకీ దూరింది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు అలాగే వదిలేయడం వల్లే.

మీ ఇంట్లో ఇప్పటికే కెమెరాలుంటే ఈ రోజే రౌటర్‌కి వచ్చే ఫైబర్ తీసి ఓ పది నిమిషాలు వదిలేయండి, గేటు ముందు నడిచి, మళ్లీ తగిలించాక ఆ పది నిమిషాల వీడియో ఉందో లేదో చూడండి. నా దగ్గర ఉంది. గేటు కెమెరా కేబుల్ ఒక జానెడు బయటికి కనిపిస్తోంది, ఎవరైనా కత్తిరించేలోపు ఈ ఆదివారం దానికి పైపు వేయించాలి.