సాయంత్రం ఆరు దాటాక ఎక్కడ ఉండాలి? మందు మానేసినవాడి అరకు, లంబసింగి బండి ప్రయాణం

విశాఖ నుంచి అరకు, పాడేరు, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగే దారి గురించి రాసినవాళ్లకు కొదవ లేదు. వ్యూ పాయింట్లు, జలపాతాలు, మబ్బుల ఫొటోలు కావలసినన్ని దొరుకుతాయి. నాకు కావలసిన సమాచారం మాత్రం ఎక్కడా కనిపించలేదు. మందు మానేసిన మనిషి ఈ దారిలో ఒక్కడే బండి మీద వెళితే రాత్రి ఎక్కడ దిగాలి? ఏ చోట సాయంత్రం తేలిగ్గా గడుస్తుంది, ఏ చోట కష్టమవుతుంది? గది శుభ్రత, భోజనం, రోడ్డు అన్నీ చెబుతాను గానీ, నేను మార్కులు వేసింది ప్రధానంగా సాయంత్రాలకే.

చాలా ఏళ్లు రోజూ తాగాను. ఆస్పత్రిలో చికిత్స తీసుకుని, ఆ తర్వాత ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు వెళుతూ మానేశాను. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో, తాగుడుకు బానిసలైన ఇద్దరు మనుషులు ఒకరికొకరు తోడు నిలవడంతో మొదలైన సహవాసం అది. ఫీజు లేదు, పేరు బయటపెట్టరు, మానేయాలన్న కోరిక ఉంటే చాలు. మీటింగులో కూర్చున్న గంటా బాగానే ఉండేది. కష్టమంతా మిగతా సాయంత్రంతోనే. చేతులకు పని ఉండదు, కాళ్లు పాత దారే పడతాయి. ఆ రోజుల్లో మా గ్రూపులో ఒక పెద్దాయన, "రేపు పొద్దున్నే అయిదింటికి బండి తియ్యి నాయనా, భీమిలి దాకా పోయి టీ తాగొద్దాం" అన్నారు. అయిదింటికి బండెక్కాలంటే రాత్రి తాగకూడదు. నా చేతిలో ఉన్న లెక్క అంతే, దాన్నే పట్టుకున్నాను.

ఆ లెక్కకు శరీరం కూడా సాక్ష్యం చెబుతుంది. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీలో ఆల్కహాల్ మామూలుగా 42.8 శాతం. దాన్ని కాలేయం పూర్తిగా కరిగించడానికి ఏడెనిమిది గంటలు పట్టవచ్చు. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. రాత్రి పదకొండింటికి ముగించి తెల్లవారుజామున ఘాట్ ఎక్కేవాడి ఒంట్లో ఇంకా మందు ఉంటుంది. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారికి పదివేల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. నాకైతే జరిమానా కన్నా లోయ పక్క మలుపు అంటేనే భయం ఎక్కువ. ఆ భయం నాకు మేలు చేసింది.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. బండి చికిత్స కాదు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం దగ్గర్నుంచి ఫిట్స్ దాకా రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి. ఆ మొదటి వారాల్లో ఇచ్చే మాత్రలు కొన్ని మగతగా ఉంచుతాయి, అప్పుడు హ్యాండిల్ ముట్టుకోవద్దు. మత్తు వదిలించే సాయం కోసం 14446, మానసిక ఆరోగ్య సాయం కోసం టెలీ మానస్ 14416, రెండూ ప్రభుత్వ ఉచిత నంబర్లే.

ఇక ప్రయాణం. నా బండి 350 సీసీ బుల్లెట్. ఎస్.కోటలో ట్యాంకు నింపి, కడుపు నిండా ఇడ్లీ తిని ఘాట్ ఎక్కాను. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ముదిరినా తాగాలనిపిస్తుందని మీటింగుల్లో పదే పదే చెబుతారు. మానేశాక తీపి మీద మనసు లాగడం కూడా మామూలే. అందుకే ట్యాంక్ బ్యాగులో పల్లీ చిక్కీలు, ఖర్జూరాలు ఉంచుకుంటాను. రెండు గంటలకోసారి ఆగి ఏదో ఒకటి తింటాను.

అనంతగిరి ఘాట్ రోడ్డు మొత్తం మీద బాగుంది. తారు బాగున్న చోటే కార్లవాళ్లు మలుపుల్లో ఓవర్‌టేక్ చేస్తారు కాబట్టి హారన్ కొట్టకుండా ఏ వంపూ తిరగవద్దు. మలుపులో చూపు ఎటు ఉంటే బండి అటే పోతుంది. లోయ వైపు చూశామా, అటే లాగుతుంది. మలుపు చివర ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడ చూస్తే చేతులు వాటంతట అవే తిప్పుతాయి. ఎక్కేటప్పుడు రెండో గేరు, దిగేటప్పుడు కూడా అదే గేరు, బ్రేకు నొక్కి పట్టుకోకుండా ఇంజనుతోనే వేగం తగ్గించడం. ఈ పనిలో ఉన్నంతసేపు నిన్నటి బాధకూ రేపటి టెన్షన్‌కూ తలలో చోటుండదు. ధ్యానం నేర్పించాలని చాలామంది ప్రయత్నించారు, కళ్లు మూసుకుంటే నాకు కుదరలేదు. కళ్లు తెరిచి చేసే ఈ ధ్యానం కుదిరింది.

టైడా, అనంతగిరి దాటాక కాఫీ తోటలు మొదలవుతాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దారి పక్కన బండి ఆపి ఒక కప్పు తాగండి, తొందరపడకుండా. బొర్రా గుహలు సున్నపురాయి గుహలు, చూడవలసినవే, కానీ సెలవు రోజుల్లో జనం తోపులాట ఎక్కువ. నేను పనిరోజు పొద్దున్నే వెళ్లాను, ప్రశాంతంగా చూశాను.

అరకులో దిగిన ప్రైవేటు రిసార్టు పేరు చెప్పను. గది శుభ్రం, వేడినీళ్లు ఉన్నాయి, బండికి గేటు లోపల చోటు ఇచ్చారు. కానీ సాయంత్రం ఆరున్నర కాగానే పచ్చికలో మంట వేసి, స్పీకర్లు పెట్టి, ప్రతి కుర్చీ పక్కనా సీసాలు పెట్టారు. గది తలుపు వేసుకున్నా వాసన వస్తూనే ఉంది. రూమ్ బాయ్ మర్యాదగానే అడిగాడు:

"ఏటి బాబూ, మందు ఏటైనా తెమ్మంటారా?"

"నేను మానేశాను తమ్ముడూ. టీ ఉంటే పంపించు."

"మా అయ్యకీ చెప్పండి బాబూ ఆ మాట," అన్నాడు. టీతో పాటు వేడివేడి పకోడీలు తెచ్చి, డబ్బులు తీసుకోలేదు. రిసార్టుకు రెండు మార్కులు, ఆ కుర్రాడికి పదికి పది.

ఇంతకు ముందు అరకు వచ్చినప్పుడు పర్యాటక శాఖ వాళ్ల మయూరి రిసార్టులో ఉన్నాను. గదులు సాదాగా ఉంటాయి, గిరిజన మ్యూజియం దగ్గర్లోనే ఉంటుంది, సాయంత్రం నడకకు వీలు. కుటుంబాలు ఎక్కువ కాబట్టి అక్కడ నాకు తేలిగ్గా గడిచింది. టైడాలోని జంగిల్ బెల్స్ రిసార్టు అందం వేరు. చుట్టూ అడవి, పొద్దున్నే పక్షుల గోల. అయినా కొత్తగా మానేసినవాళ్లు ఒంటరిగా అక్కడ దిగవద్దనే చెబుతాను. చీకటి పడ్డాక పలకరించే మనిషి ఉండడు. నిశ్శబ్దం అందరికీ అన్ని రోజుల్లో మంచి చేయదు.

మర్నాడు హుకుంపేట మీదుగా పాడేరు. ఇక్కడ నా అంచనా పూర్తిగా మారిపోయింది. పాడేరు 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. టూరిస్టులు దగ్గర్లోని వంజంగి కొండ మీద మబ్బులు చూసి వెళ్లిపోతారే తప్ప ఊరిని పట్టించుకోరు. నేను మెయిన్ రోడ్డు మీది మామూలు లాడ్జిలో దిగాను. మంచం గట్టిది, గోడలకు పెచ్చులు, బకెట్లో వేడినీళ్లు. కానీ కింద టిఫిన్ బండి, ఎదురుగా బస్సుల సందడి, నడిచే దూరంలో మోదకొండమ్మ గుడి, ఫోన్‌కు నిండా సిగ్నల్. సాయంత్రం ఏడింటికి మా పెద్దాయనకు ఫోన్ చేసి అరగంట మాట్లాడాను. టిఫిన్ బండి ఆవిడ పెసరట్టు వేస్తూ, "ఒక్కరే వచ్చారా బాబూ, ఇంట్లో చెప్పే వచ్చారా?" అని అడిగింది. ఎవరో ఒకరు అలా అడగడం ఎంత బలమో తాగుడు మానేసినవాళ్లకు తెలుస్తుంది. అరకు రిసార్టు అద్దెలో మూడో వంతు కూడా కాలేదు, రాత్రి పదింటికల్లా నిద్ర పట్టింది.

వంజంగికి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాను. కింద బండి పెట్టి పైకి నడవాలి. దారి రాళ్లతో ఉంటుంది, టార్చి, మంచి బూట్లు తప్పనిసరి. కొండ మీద కొందరు సీసాలు పగలగొట్టి వదిలేశారు. అది చూసి కడుపు తరుక్కుపోయింది. సూర్యుడు పైకి వచ్చి కింద లోయంతా తెల్లటి మబ్బు పరుచుకున్నప్పుడు పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లలు కేకలు వేశారు, నేనూ వేశాను. ఆ వయసులో నేను ఎన్నో ఊళ్లు తిరిగాను గానీ వాటి పొద్దుటి పూటలు ఏవీ నాకు గుర్తు లేవు.

పాడేరు నుంచి జి.మాడుగుల మీదుగా చింతపల్లి వెళ్లే దారి ఈ ప్రయాణం మొత్తంలో నాకు ఎక్కువ నచ్చింది. బళ్లు తక్కువ, ఊళ్లు చిన్నవి, చలికాలంలో వలిసెల పూల పసుపు అక్కడక్కడా కనిపిస్తుంది. కొత్తపల్లి జలపాతం దగ్గర ఆగండి, కానీ తడి రాళ్ల మీద బైక్ బూట్లతో నడవకండి. సిగ్నల్ చాలా చోట్ల పోతుంది కాబట్టి బయల్దేరే ముందే ఫోన్లు ముగించుకోవాలి.

ఈ దారిలోనే జీలుగు కల్లు అమ్ముతారు. "పొద్దున్నే దించింది, తియ్యగుంటాది" అంటూ ఓ పెద్దాయన సొరకాయ బుర్ర చూపించాడు. అది వాళ్ల జీవితంలో భాగం, పండగలోనూ చావులోనూ ఉంటుంది. దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ చెట్టు దిగిన దగ్గర్నుంచే కల్లు పులియడం మొదలవుతుంది, తియ్యగా ఉన్నా మత్తు మత్తే. దండం పెట్టి, "నాకు పడదు తాతా" అన్నాను. బలవంతం చేయలేదు. టూరిస్టు స్నేహితులే "ఇది నేచురల్ రా, ఏం కాదు" అని బలవంతం చేస్తారు. కొత్తగా మానేసినవాళ్లు అలాంటి గుంపుతో ఈ దారికి రావద్దు.

చింతపల్లి దగ్గర వెనక చక్రం పంక్చరైంది. స్పోక్ చక్రం, లోపల ట్యూబు. కాబట్టి ట్యూబ్‌లెస్ బళ్లలా పైనుంచి ప్లగ్ వేసి పోవడం కుదరదు. రోడ్డు పక్క షాపు కుర్రాడు చక్రం ఊడదీసి, ట్యూబు అతికి, చెయిన్ కూడా సరిచేసి, అడగాల్సినంతే తీసుకున్నాడు. స్పోక్ చక్రాల బండితో వచ్చేవాళ్లు అదనపు ట్యూబు వెంట తెచ్చుకోవడం మంచిది.

ఆ ఆగిన సమయంలో ఊళ్లో తిరిగాను. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం తొలి దాడి చేసింది ఈ చింతపల్లి పోలీసు స్టేషన్ మీదే. దానికి ముందు రాజు మన్యం పల్లెల్లో తిరుగుతూ తాగుడు మానమని, కోర్టులకు పోకుండా తగవులు పంచాయతీల్లోనే తీర్చుకోమని చెప్పాడు. విల్లు పట్టిన బొమ్మ అన్ని చోట్లా కనిపిస్తుంది గానీ ఈ సంగతి ఎవరూ పెద్దగా తలచుకోరు. నర్సీపట్నం వైపు దిగాక కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. అక్కడ చాలాసేపు కూర్చున్నాను. ఈ దారిలో వెళ్లే ప్రతి ఒక్కరూ ఆగవలసిన చోటు.

లంబసింగిలో టెంట్లు వద్దు. డిసెంబరు, జనవరి శని, ఆదివారాల్లో ఒకదానికొకటి ఆనించి వేస్తారు, బట్ట గోడ అవతల పార్టీ తెల్లవార్లూ సాగుతుంది, బాత్రూములు చాలవు. ముందు నేను మాట్లాడుకున్న చోట అడ్వాన్సు తీసుకుని టెంటు ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ ఇబ్బందే మేలైంది. పక్క ఊళ్లో ఒక కుటుంబం ఇంటి ముందు గది ఇచ్చింది. ఏడింటికి అన్నం, చిక్కుడుకాయ కూర, రాగి అంబలి. ఎనిమిదింటికి ఇల్లంతా నిద్ర. "బాబూ, చలి ఎక్కువ, ఇంకో దుప్పటి తీసుకో" అంటూ ఆ అమ్మ రెండుసార్లు వచ్చి చూసింది. నా పట్టికలో ఈ ఇంటికే మొదటి స్థానం. పొద్దున్నే చెరువులవేనం కొండకు అక్కడి నుంచే వెళ్లాను.

లంబసింగి నుంచి దిగే ఘాట్‌లో పొగమంచు ఎనిమిదిన్నర దాకా వదలదు. హెల్మెట్ అద్దం మీద తేమ పడుతుంది, హైబీమ్ వేస్తే ఇంకా కనిపించదు. లోబీమ్‌తో నెమ్మదిగా దిగాలి. తొందరేం లేదు, ఒక టీ తాగి తొమ్మిదింటికి కదలండి. నర్సీపట్నం తర్వాత దారి చదును, అనకాపల్లి దగ్గర హైవే ఎక్కాక లారీల మధ్య అప్రమత్తంగా ఉంటే సాయంత్రం మీటింగుకు విశాఖ చేరుకోవచ్చు. నేను చేరుకున్నాను.

మా గ్రూపులో ఇద్దరు సంక్రాంతి వెళ్లాక ఇదే దారి పట్టాలనుకుంటున్నారు. వాళ్లకు నేను రాసిచ్చింది ఇది: సోమవారం బయల్దేరండి, శనివారం వద్దు. అరకులో కాఫీ తాగి సాగిపోండి, రాత్రికి పాడేరు చేరండి. రెండో రాత్రి చింతపల్లి, లంబసింగి మధ్య ఏదైనా ఇంట్లో అన్నంతో సహా మాట్లాడుకోండి, అడ్వాన్సుకు రసీదు తీసుకోండి. గది అడిగేటప్పుడు వేడినీళ్లతో పాటు సాయంత్రం అక్కడ పార్టీలు జరుగుతాయా, ఫోన్ అందుతుందా అని కూడా అడగండి. రోజూ ఏడింటికి నాకు ఫోన్ చేయండి, నేను ఎత్తుతాను.