ఫ్లవర్ షో లేని లాల్‌బాగ్, గోడ కనిపించే కిటికీ

బెంగళూరులోని పెద్ద తోట లాల్‌బాగ్ గురించి రాద్దామనే కూర్చున్నా, కానీ మధ్యలో లాడ్జి సంగతి రాకుండా ఉండదు, ముందే చెప్పేస్తున్నా. ఒక్క రాత్రికి 3,980 రూపాయలు వదిలించుకున్న మనిషికి చెట్ల గురించి మాత్రమే రాసేంత పెద్ద మనసు ఉండదు.

మేం నలుగురం. నేను, మా ఆయన, మా అత్తమ్మ, ఎనిమిదేళ్ల మా చిన్నోడు. వాడిది కాన్వెంటు కాబట్టి క్రిస్మస్‌కి సెలవులు బాగానే ఇచ్చారు. కడపలో ఇంట్లో కూర్చుంటే ఫోన్ వదలడని బెంగళూరు అనుకున్నాం. రాయచోటి, మదనపల్లె మీదుగా బస్సు, నలుగురికి ఒకవైపు టికెట్లు 1,960. మదనపల్లెలో టీ తాగాం, హోస్కోటె దాటాక ట్రాఫిక్‌లో గంట కూర్చున్నాం, బెంగళూరు మెయిన్ బస్టాండు మెజెస్టిక్‌లో దిగేసరికి రాత్రి పదిన్నర.

మా తమ్ముడు మారతహళ్లిలోనే ఉంటాడు గానీ వాడుండేది పీజీలో, అక్కడికి సంసారంతో వెళ్లలేం కదా. అందుకని మా ఆయన ఆఫీసులో ఎవరో ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసి మెజెస్టిక్ దగ్గర ఒక లాడ్జిలో గది మాట్లాడారు. రోజుకి 1,800, రెండు రోజులకి 3,600, అడ్వాన్సుగా వెయ్యి పంపమంటే పంపారు. ఆ మేనేజరు ఫోన్‌లో ఎంత బాగా మాట్లాడాడో! "మాదీ మీ జిల్లానే సార్, మనోళ్లని మనం చూసుకోకపోతే ఎవరు చూస్తారు" అన్నాడట. మా ఆయన ఫోన్ పెట్టేసి మొహం వెలిగిపోతూ చెప్పారు. నాకు అప్పుడే కొంచెం అనుమానం వచ్చింది. మనోళ్లం అని ఎక్కువసార్లు అనేవాళ్ల దగ్గర నేను పర్సు జిప్పు చూసుకుంటా.

కౌంటర్ దగ్గరికి వెళ్లగానే అదే నవ్వుతో "క్రిస్మస్ రష్ కదా మేడం, ఇప్పుడు 2,400 నడుస్తోంది, మీరు మనోళ్లని ఉంచాను గానీ ఇందాకే ఇద్దరు 2,800కి అడిగారు" అన్నాడు. 1,800 అన్నారు కదా అంటే "అది నార్మల్ రేటు సార్" అంటాడు. పదిన్నర రాత్రి, పక్కన మోకాళ్ల నొప్పులతో అత్తమ్మ, భుజం మీద నిద్రపోతున్న పిల్లాడు. ఇంకెక్కడికి పోతాం? సరే అన్నాం. పిల్లాడికి ఎక్స్‌ట్రా బెడ్ 500 అన్నాడు. కుర్రాడు తెచ్చి పరిచింది చూస్తే రెండు వేళ్ల మందం పరుపు, దాని మీద ఒక దుప్పటి. ఆ దుప్పటి మూల వేరే లాడ్జి పేరు ముద్ర! అది చూసి అత్తమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

కిటికీ తెరిస్తే జానెడు దూరంలో పక్క బిల్డింగ్ గోడ. కింద హోటల్ వంటగది పొగ గొట్టం సరిగ్గా ఆ సందులోనే ఉంది, రాత్రంతా మాడిన ఉల్లిపాయ వాసన. గీజర్‌కి స్విచ్చు ఉంది, వేస్తే లైటు వెలుగుతుంది, నీళ్లు మాత్రం కాగవు. అడిగితే బకెట్ వేణ్నీళ్లు 40 రూపాయలు, కింద నుంచి తెచ్చిస్తారట. డిసెంబరులో బెంగళూరు చలికి మా కడప ఒళ్లు చన్నీళ్లు తట్టుకోదు, రెండు బకెట్లు తెప్పించుకున్నాం, 80 రూపాయలు. మా ఆయన ఆ రాత్రి ఎవ్వరితోనూ మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేదు, అంటే ఇంకా పెద్దదవుతుందని.

పొద్దున్నే ఆరున్నరకల్లా అందరినీ లేపి బయట పడేశాను, ఆ గదిలో ఉండలేక. ఆటో అతను లాల్‌బాగ్‌కి 300 అన్నాడు. మెట్రో ఉండగా ఆటో ఎందుకు? మెజెస్టిక్ నుంచి గ్రీన్ లైన్‌లో నాలుగో స్టేషనే లాల్‌బాగ్. తమ్ముడు అక్కడికే వచ్చి కలిశాడు. పొద్దున వాకింగ్ వాళ్ల టైం కాబట్టి గేటు దగ్గర టికెట్టు గొడవ కూడా లేదు. తొమ్మిది దాటాక వెళ్తే టికెట్టు తీసుకోవాలి, పైగా ఎండా జనమూ రెండూ ఎక్కువే. అందుకే పొద్దున్నే వెళ్లండి.

ఇక్కడో మాట చెప్పాలి. బయల్దేరే ముందు తెలిసినవాళ్లందరూ "డిసెంబర్‌లో లాల్‌బాగ్ ఏంటి, ఫ్లవర్ షోకి వెళ్లాలి గానీ" అన్నారు. ఆ షో ఏడాదికి రెండుసార్లు, జనవరిలో రిపబ్లిక్ డేకి, ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవానికి. నేను రెండేళ్ల కిందట ఆగస్టులో చూశాను. చూశాను అనడం కంటే తోసుకుంటూ వెళ్లాను అనడం నయం. గాజు మేడలో పూలతో పెద్ద బొమ్మ ఏదో కట్టారు, నాకు కనిపించింది ముందు నిలబడ్డ ఆవిడ జడలో మల్లెపూలు, వందల ఫోన్లు. ఈసారి అదే గాజు మేడ ముందు పట్టుమని పదిమంది లేరు. 1889లో పునాది వేశారట, లండన్‌లో అప్పట్లో ఉన్న క్రిస్టల్ ప్యాలెస్‌ని చూసి కట్టారంటారు. ఇనప కమానుల మధ్య అద్దాల మీద పొద్దుటి ఎండ పడుతుంటే చుట్టూ ఒక రౌండు వేశాం. పూలు లేకపోతేనే ఆ కట్టడం కళ్లకి కనిపిస్తుంది, నా మాట నమ్మండి.

అత్తమ్మ మాత్రం అప్పటికింకా మూడీగానే ఉంది. "ఇంత దూరం వచ్చింది చెట్లు చూడ్డానికా, చెట్లు మనూర్లో లేవా" అని రెండుసార్లు అంది. లోపల బ్యాటరీ బండి ఉంది, ఎక్కుదాం రండి అంటే "నాకేం, కాళ్లు పడిపోలేదు" అంది. సరే అని మెల్లగా నడుస్తూ ఒక పెద్ద చెట్టు దగ్గరికి వచ్చాం. దాని వేళ్లు నేలలోంచి గోడల్లాగా లేచాయి, ఒక్కో వేరు మా చిన్నోడి కంటే ఎత్తు. మాను పైకి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. అందరూ దాని ముందు ఫోటోలు దిగుతున్నారు. నేను బోర్డు మీద సైబా పెంటాండ్రా అని కూడబలుక్కుంటుంటే అత్తమ్మ వెనక నుంచి "బూరుగు కదే ఇది, తెల్లబూరుగు" అంది.

అంతే, ఆవిడ వేరే మనిషి అయిపోయింది. బూరుగు కాయలు పగిలితే దూది ఎలా ఎగిరేదో, వాళ్ల అమ్మ దాన్ని ఎండబెట్టి గింజలు ఏరుతుంటే ముక్కుల్లోకి పోయి తుమ్ములు ఎలా వచ్చేవో, ఆవిడ పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన పరుపు బూరుగు దూదిదే అని, అది ముప్పై ఏళ్లు వచ్చిందని, ఇప్పుడు మీరు కొనే స్పాంజి పరుపులు మూడేళ్లకే గుంటలు పడతాయని... కంచె పక్కన నిలబడి చెబుతూనే ఉంది. వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన ఆగి విన్నాడు, ఆయనకి తెలుగు ఎంత అర్థమైందో గానీ తల మాత్రం ఊపాడు. మా పెళ్లయి పదకొండేళ్లు, ఆవిడ పుట్టింటి పరుపు సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత ఆవిడే ముందు, మేం వెనక. నాగలింగం చెట్టు ఎక్కడుందని అడిగింది, మానుకే పూలు పూస్తాయి కదా, అది. ఇంకోచోట రాయిగా మారిన చెట్టు మొద్దు పెట్టారు, రెండు కోట్ల ఏళ్ల నాటిదట. మా చిన్నోడు ఇది రాయా చెట్టా తేల్చి చెప్పమని వాళ్ల నాన్న ప్రాణం తీశాడు. చెట్టు అయితే ఎందుకు గట్టిగా ఉంది, రాయి అయితే గీతలు ఎందుకున్నాయి? చెక్క ఉన్న చోటులోకి కొంచెం కొంచెంగా ఖనిజం చేరి, ఆకారం అలాగే నిలిచిపోతుంది అని తమ్ముడు చెప్పాడు. అది విన్నాక చిన్నోడు "అయితే చచ్చిపోయిన చెట్టు ఫోటో" అన్నాడు. మా ఆయన నవ్వారు. రాత్రి నుంచి అదే మొదటి నవ్వు.

తర్వాత గుట్ట. బెంగళూరు కట్టించిన కెంపేగౌడ కాలపు బురుజు ఉన్న ఆ బండరాయి వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు, జియలాజికల్ సర్వే వాళ్లు దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించారు. చిన్నోడు అంకెలో సున్నాలు లెక్కపెట్టుకున్నాడు. అత్తమ్మ కింద బెంచీ మీద కూర్చుంది, మేం పైకి ఎక్కాం. అంత వయసున్న బండ మీద కూర్చుని ఒక కుర్రాడు ఆఫీసు మీటింగులో ఉన్నాడు, కెమెరా ఆపుకుని! పైనుంచి చూస్తే ముందు చెట్ల తలలు, వాటి వెనక అపార్ట్‌మెంట్లు, పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు.

దిగాక తమ్ముడు తోట చరిత్ర ఎత్తుకున్నాడు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టడం, టిప్పు సుల్తాన్ దేశదేశాల నుంచి మొక్కలు తెప్పించడం, 1856లో ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ అవడం, అన్నీ వరసగా చెప్పాడు. అత్తమ్మ ఆవులించింది. కానీ జాన్ కామెరాన్ అనే ఇంగ్లీషాయన ఈ తోట చూసుకునే రోజుల్లో సీమెబదనెకాయని ఇక్కడికి తెచ్చి అలవాటు చేశాడట అనగానే ఆవులింత సగంలో ఆగింది. సీమెబదనెకాయ అంటే మన బెంగళూరు వంకాయ. "అందుకా ఆ పేరు! మరి చెప్పవేంరా ముందే" అని వాడినే తిట్టింది. ఆయన తర్వాత వచ్చిన జర్మన్ క్రుంబిగల్ వల్లే ఊళ్లో ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పూసేలా నాటారని కూడా చెప్పాడు. డిసెంబరులో ఆకులు రాల్చి గులాబీరంగు పూలతో నిలబడే టబెబుయా చెట్లు ఒకటి రెండు చూశాం. పేరు నోరు తిరగలేదు, గులాబీ చెట్లు అని మేమే పేరు పెట్టేశాం.

ఆకలి దంచేస్తోంది. మెయిన్ గేటు వైపు బయటికి వస్తే దగ్గర్లోనే ఎంటీఆర్. 1924 నాటి హోటలు. పేరు రాయించుకుని యాభై నిమిషాలు కూర్చున్నాం, మా ఆయన మూడుసార్లు వెళ్లిపోదాం అన్నారు. వెళ్లకండి, కూర్చోండి. రవ్వ ఇడ్లీ వచ్చింది, మీద జీడిపప్పు, పక్కన చిన్న గిన్నెలో నెయ్యి. యుద్ధం రోజుల్లో బియ్యం దొరక్క రవ్వతో చేసి చూసింది ఇక్కడేనట. వేలితో నొక్కితే పొడిగా విరిగింది, నెయ్యి పోయగానే పీల్చేసుకుంది. అత్తమ్మ ఇడ్లీని తిప్పి అడుగు చూసింది, ఆవాలు ఎన్ని వేశారో చూసింది, తిన్నాక ఏమీ అనకుండా ఇంకోటి చెప్పమంది. ఐదుగురికి కాఫీలతో కలిపి బిల్లు 845. లాడ్జిలో ఒక దుప్పటికి 500 ఇచ్చినవాళ్లకి ఇది ఎక్కువ అనిపిస్తుందా?

పన్నెండింటికి లాడ్జికి వెళ్లి ఖాళీ చేస్తున్నామన్నాం. గది 2,400, బెడ్ 500, నీళ్లు 80, మొత్తం 2,980. అడ్వాన్సు వెయ్యి తీసేసుకోండి అంటే, అది రెండో రోజుకి కట్టింది, మీరే క్యాన్సిల్ చేస్తున్నారు కాబట్టి రాదు అన్నాడు. బిల్లు ఇవ్వమంటే "మనోళ్లకి బిల్లు ఎందుకు సార్, జీఎస్టీ పడుతుంది" అంటాడు! మొత్తం 3,980 పోయింది. రెండు రాత్రులకి అనుకున్నది 3,600. మీరు మాత్రం రేటు, గీజరు, ఎక్స్‌ట్రా బెడ్డు అన్నీ వాట్సాప్‌లో రాయించుకున్నాకే డబ్బు పంపండి, అవతలివాడు ఏ జిల్లా అయినా సరే.

తమ్ముడు బసవనగుడిలో చిన్న గది చూశాడు, 2,200. గొప్పగా ఏమీ లేదు, టీవీ లేదు, మెట్లు ఎక్కాలి. కుళాయి తిప్పితే వేణ్నీళ్లు వచ్చాయి, కిటికీ తెరిస్తే చెట్టు కనిపించింది. సాయంత్రం వి.వి.పురం తిండి వీధికి వెళ్తే అవరెకాయ సీజన్, అంటే మన అనపకాయలే. అనపగింజల దోసె 80 రూపాయలు. అత్తమ్మ పుట్టిల్లు మదనపల్లె వైపు, పితికిపప్పు అంటే ప్రాణం. ఒక కొట్టు ముందు ఆడవాళ్లు కూర్చుని నానబెట్టిన గింజల్ని పితుకుతుంటే ఆవిడ కాసేపు నిలబడి చూసి, వేగం చాలదు అంది.

ఆదివారం పొద్దున మళ్లీ లాల్‌బాగే, ఆవిడే అడిగింది. చెరువు గట్టున కొంగల్ని చూస్తూ గంట కూర్చున్నాం, అంతే. తిరుగు బస్సుకి ముందు గాంధీ బజారులో 40 రూపాయలకి నాలుగు బెంగళూరు వంకాయలు కొంది. మూడు కూర వండింది, నాలుగోది మొలక వచ్చేదాకా వంటింటి మూల పెట్టి ఇప్పుడు పెరట్లో పాతింది. ఇంకో ఆకు వేసింది నిన్న. కడప ఎండలకి ఏమవుతుందో చూడాలి.

చిన్నోడి స్వెటర్ ఆ లాడ్జిలోనే మర్చిపోయాం. ఆరుసార్లు ఫోన్ చేశాం, మేనేజరు ఎత్తలేదు. జనవరి ఒకటిన మాత్రం పొద్దున్నే వాట్సాప్‌లో పూల బొకే బొమ్మ వచ్చింది, హ్యాపీ న్యూ ఇయర్, మనోళ్లు మళ్లీ రండి అని. స్వెటర్ సంగతి ఏమైందని అడిగాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, ఇంకా జవాబు లేదు.