విజయవాడలో పాత కెమెరా కొంటున్నారా? "ఫర్మ్‌వేర్ కొత్తగా ఎక్కించాం" అంటే పడిపోకండి

గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల షాపుల్లో పాత డిజిటల్ కెమెరాలు మళ్లీ అద్దాల అరల్లోకి ఎక్కాయి. 2003-2008 మధ్య వచ్చిన సీసీడీ (కాంతిని బొమ్మగా మార్చే పాత తరహా సెన్సర్) కెమెరాల రంగులంటే కాలేజీ పిల్లలకు ఇప్పుడు పిచ్చి. అటకల మీదవన్నీ తుడిచి అమ్మేస్తున్నారు. అమ్మడంలో తప్పేం లేదు, అమ్మేటప్పుడు చెప్పే మాటలతోనే వచ్చింది చిక్కంతా, ముఖ్యంగా "ఫర్మ్‌వేర్" (కెమెరాను నడిపించే లోపలి ప్రోగ్రాం) అనే మాటతో.

మా బావమరిది ఆరు మెగాపిక్సెళ్ల డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటి కిట్ లెన్స్‌తో కలిపి 7,500కి కొన్నాడు. షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారన్న లెక్క) తక్కువే, స్క్రీన్ మీద గీత కూడా లేదు. "ఒకే ఓనర్ సార్, బీరువాలోంచి తీసిందే లేదు" అన్నాడు షాపాయన. అక్కడ నాలుగు ఫొటోలు తీస్తే బాగానే వచ్చాయి.

ఇంటికి తెచ్చాక ముందు ఆన్ చేసినప్పుడల్లా తేదీ అడగడం మొదలైంది. తర్వాత ఫోకస్ కంటి మీద పెడితే చెవి మీద పడటం, రాత్రి ఫొటోల్లో ఎర్రటి, తెల్లటి చుక్కలు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ప్రకాశం బ్యారేజీ మీద ఎర్రర్ చూపించి ఆగిపోయింది. షాపుకు తీసుకెళ్తే "ఫర్మ్‌వేర్ పోయింది, ఫ్రీగా ఎక్కిస్తా" అని కార్డులో ఫైల్ వేసి ఎక్కించాడు. కెమెరా లేచింది. ఫోకస్ మాత్రం చెవి దగ్గరే ఉంది, చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత మెకానిక్ దగ్గరికి వెళ్తే అసలు సంగతి తేలింది. కెమెరా లోపలి అద్దం కదిలినా ఫోకస్ తప్పుతుంది కాబట్టి ముందు అదే చూశాడు. అద్దం సరిగ్గానే ఉంది. "ప్రోగ్రాం వేరు, సెట్టింగు వేరు బాబూ. ప్రోగ్రాం కంపెనీ వెబ్‌సైట్లో దొరుకుద్ది. ఈ బాడీ సెట్టింగు ఈ బాడీలోనే ఉంటది, అది చెదిరింది" అన్నాడు.

ఈ ముక్క షాపులో ఎవరూ చెప్పరు. ఫోకస్ సవరింపు, చెడిపోయిన పిక్సెళ్ల (ఫొటోలో చుక్కలుగా కనిపించేవి) జాబితా, రంగుల లెక్క ఇవన్నీ ఫ్యాక్టరీలో ఒక్కో కెమెరాకు విడిగా కొలిచి, లోపలి మెమరీలో రాస్తారు. మనం కార్డుతో ఎక్కించే ఫర్మ్‌వేర్ మామూలుగా వాటి జోలికి పోదు. అవి పోతే మళ్లీ రాయడానికి సర్వీస్ సెంటర్ సాఫ్ట్‌వేర్ కావాలి. ఇంత పాత మోడల్‌కి దాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

మరి ఆ మెమరీ ఎన్నాళ్లు ఉంటుంది? అది ఫ్లాష్ మెమరీ (ఫొటోకు వెలిగే ఫ్లాష్ లైటు కాదు). ఆ చిప్పులో ప్రతి గడిలోనూ ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతారు, చుట్టూ పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది. మట్టికుండలో నీళ్లలా ఆ చార్జ్ కొంచెం కొంచెంగా ఊరిపోతుంది, వేడి పెరిగితే ఇంకా త్వరగా. చాలా నార్ ఫ్లాష్ (ఫ్లాష్ మెమరీలో ఒక రకం) చిప్పుల డేటాషీట్లో 20 ఏళ్లు డేటా నిలుస్తుందనీ, లక్షసార్లు చెరిపి రాయొచ్చనీ ఉంటుంది. కొన్నింటిలో 125 డిగ్రీల వేడి దగ్గరే 20 ఏళ్లని రాస్తారు, కాబట్టి అంకె పక్కన ఉష్ణోగ్రత కూడా చూడాలి. అది కంపెనీ ఇచ్చే భరోసాయే గానీ చావు తేదీ కాదు. 2004 నాటి కెమెరాలు ఇప్పటికీ ఎన్నో చక్కగా పనిచేస్తున్నాయి. అందుకే "వయసైపోయింది సార్, మెమరీ అంతే" అని షాపాయన చేతులు దులుపుకోవడం నాకు నచ్చలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన ఊళ్లో, రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి పడున్న సరుకును బీరువా సరుకని అమ్మితే దాన్ని వయసు మీదకు తోస్తే ఎలా?

నెలకోసారి ఆన్ చేస్తే మెమరీ బతుకుతుందన్న మాట కూడా నమ్మకండి. చదివినంత మాత్రాన చార్జ్ మళ్లీ నిండదు, తిరిగి రాస్తేనే నిండుతుంది. ఆన్ చేయడం వల్ల మేలు జరిగేది గడియారం బ్యాటరీకి, అదీ చార్జయ్యే రకమైతేనే. తేదీ పోవడం చాలాసార్లు దాని వల్లే, దానికీ ఫర్మ్‌వేర్‌కీ సంబంధం లేదు. కానన్ 40డీ లాంటి వాటిలో సీఆర్2016 బటన్ సెల్ మారిస్తే సరి. లోపలే చార్జయ్యే రకమైతే నిండు బ్యాటరీ వేసి రెండు రోజులు ఉంచి చూడండి. తేదీ అడిగిందని మంచి కెమెరాను వదులుకోవద్దు.

చిన్న కాంపాక్ట్ కెమెరాలు కొనేవాళ్లకు ఇంకో సంగతి. 2002-2004 ప్రాంతంలో తయారైన కొన్ని మోడళ్లలో వేడికీ తేమకీ సీసీడీ లోపలి తీగలు ఊడి, బొమ్మ వంకర్లు పోయేది, లేదా అసలు వచ్చేదే కాదు. 2005లో చాలా కంపెనీలు దానికి ఉచిత రిపేరు ప్రకటించాయి. ఆ లోపాన్ని కూడా "ఫర్మ్‌వేర్" అనే చెప్పి అంటగడతారు. ఫైల్ ఎక్కిస్తే ఊడిన తీగ అతుక్కోదు.

షాపులోనే చూసుకోవాల్సినవి: లెన్స్ మూత పెట్టి కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్‌తో ఫొటో తీసి, జూమ్ చేసి చుక్కలు వెతకండి. న్యూస్‌పేపర్ ఏటవాలుగా పెట్టి, లెన్స్ అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి ఒక లైన్ మీద ఫోకస్ చేస్తే పదునుగా వచ్చింది ఆ లైనేనో కాదో తెలిసిపోతుంది. ఓ అరగంట ఆన్‌లో ఉంచి, వేడెక్కాక ఇవే మళ్లీ చేయండి. తొందరపెడితే వచ్చేయండి. "లేటెస్ట్ వెర్షన్ ఎక్కించి ఇస్తా" అంటే ఎక్కించక ముందే ఈ పరీక్షలు కావాలని అడగండి. బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్, టెస్టింగ్ గడువు రాయించుకోండి. తెల్లకాగితం మీద ఎస్టిమేట్ ఇస్తే ఒప్పుకోవద్దు.

మా వాడికి సరైన బిల్లు ఉండబట్టే పని జరిగింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తామనీ, 5 లక్షల లోపు కేసుకు కన్జ్యూమర్ కమిషన్‌లో ఫీజు కూడా లేదనీ చెప్పాక షాపాయన దిగొచ్చి, 1,500 కోసుకుని మిగతాది వెనక్కిచ్చాడు. ఆ బాడీ మాత్రం మళ్లీ అరలోకే వెళ్లింది, ఈసారి "ఫర్మ్‌వేర్ అప్‌డేటెడ్" అని స్టిక్కర్ కూడా వేశారు. బొటనవేలు ఆనే చోట రబ్బరు లేచి, పసుపు జిగురుతో అతికించి ఉంటుంది. అది మీ చేతికిస్తే ముందు లెన్స్ మూత పెట్టి ఒక ఫొటో తీయండి.