ప్లాయా డెల్ కార్మెన్‌లో 45 డాలర్ల టూర్‌కి బుట్టలో పడ్డాం

థాంక్స్‌గివింగ్ సెలవలకి డాలస్ నుంచి మెక్సికోలోని ప్లాయా డెల్ కార్మెన్‌కి మేమిద్దరం, మా అత్తయ్య, ఎనిమిదేళ్ల మా బాబు వెళ్లాం. బీచ్ బానే ఉంది, హోటలూ బానే ఉంది, కోజుమెల్ దీవికెళ్లే ఫెర్రీలో మా వాడు దారంతా వాంతులు, అంతే. నా కడుపుమంటంతా చిచెన్ ఇట్జా (పాత మాయన్ నగరం శిథిలాలు) టూర్ మీదే.

షాపులుండే పెద్ద వీధి క్వింటా అవెనిడాలో నడుస్తుంటే ఒకతను పట్టుకున్నాడు. తలకి 45 డాలర్లు, బస్సు, గైడు, లంచ్, సెనోటేలో (నేల కుంగి ఏర్పడ్డ నీళ్ల గుంట) ఈత అన్నీ అందులోనే అన్నాడు, మావారు "చీపే కదా" అని బేరం కూడా ఆడకుండా 180 కట్టేశారు. పొద్దున ఏడింటికి ఎక్కించుకుని తొమ్మిదిన్నర దాకా హోటల్ హోటల్‌కీ తిప్పారు. ఊరు దాటాక గైడు మైకు పట్టుకుని చల్లగా చెప్పాడు, ఎంట్రీ టికెట్ ఇందులో లేదట, పెద్దవాళ్లకి ఇంకో 40 చొప్పున క్యాష్! గేటు దగ్గర పెసోల్లో మనమే కొనుక్కుని ఉంటే తక్కువే అయ్యేది, రాష్ట్రానికొకటి కేంద్రానికొకటి రెండు టికెట్లు, అంతే. మధ్యలో వెండి, టెకీలా అమ్మే షాపులో యాభై నిమిషాలు.

ఒంటిగంటన్నరకి బస్సు దగ్గర ఉండమన్నాడు. చిచెన్ ఇట్జా ఉన్న యుకటాన్ రాష్ట్రంలో టైం ప్లాయా కంటే గంట వెనక అని మాత్రం చెప్పలేదు. నా వాచీ చూసుకుని అందరినీ పరిగెత్తించా, తీరా వస్తే బస్సుకి తాళం. మళ్లీ లోపలికి నడిచే ఓపిక అత్తయ్యకి లేదు. పిరమిడ్ ఎలాగూ ఎక్కనివ్వరు, ఎదురుగా చప్పట్లు కొడితే పైనుంచి పిట్ట కూసినట్టు వినపడుతుంది, అదే బాగుంది. "గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర కొట్టినా పైదాకా వినపడుద్దే, దీనికింత దూరం రావాలా" అంది అత్తయ్య.

లంచ్‌లో మంచినీళ్లకి కూడా బాటిల్ 50 పెసోలు. బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారా అని అడిగితే వేస్తామని పాపం నిజమే చెప్పాడు వడ్డించే అబ్బాయి. అత్తయ్య ఉత్తన్నంలో హబనేరో సాల్సా (మంట పుట్టించే మిరప పచ్చడి), నిమ్మకాయ కలుపుకుని తిని, రెండోసారి కూడా వేయించుకుంది. టూర్ మొత్తంలో ఆవిడ మొహం వెలిగింది అప్పుడే.

తర్వాత రోజు టూర్లకి దణ్ణం పెట్టి కొలెక్తీవో వ్యాన్‌లో ఇంకో మాయన్ శిథిలాల చోటు తులుమ్ వెళ్లాం, మనిషికి 60 పెసోలు, మన షేర్ ఆటోలాగే నిండితే బయల్దేరుతుంది. ఎనిమిదింటికే గేటు దగ్గరుంటే రద్దీ లేదు. సముద్రం ఒడ్డున కొండ మీద కోట, గోడల మీద ఇగువానాలు (పెద్ద బల్లులు), మా వాడు కదిలితే ఒట్టు. సాయంత్రం బండి మీద మార్కెసీతా తిన్నాం, కరకరలాడే దోసెలాంటి దాంట్లో చీజ్ తురిమి చుట్టిస్తాడు, అత్తయ్య రెండు లాగించింది. పిండిలో గుడ్డు ఉంటుందమ్మా అని మావారు నోరు తెరవబోతే కాలు తొక్కా.