మూతపడ్డ రైడ్‌కు గుర్తు: వస్తువా, వీడియోనా?

వస్తువుకున్న బలం వేరు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఉన్న డిస్నీ వరల్డ్ వినోద పార్కులో 1971 నుంచి నడిచిన 'మిస్టర్ టోడ్స్ వైల్డ్ రైడ్'ను 1998లో మూసేశారు. ఆ చోట వచ్చిన విన్నీ ద పూ రైడ్ లోపల ఒక పటం పెట్టారు. అందులో పాత రైడ్ హీరో అయిన కప్ప, టోడ్ దొర, పూ కథల్లోని గుడ్లగూబకు ఇంటి కాగితాలు అప్పగిస్తుంటాడు. ఎంత మర్యాదగా సాగనంపారో! కానీ పాత రైడ్ ఎక్కనివాళ్లకు అది ఉత్త బొమ్మే.

వీడియో అయితే తిరుపతిలో కూర్చున్న మనకూ అందుతుంది. చీకట్లో మసగ్గా వస్తుంది, కుదుపు తెలియదు, నిజమే. అయినా ఏ మలుపు తర్వాత ఏమొస్తుందో వరుసగా దక్కుతుంది. ఆ టోడ్ రైడ్‌కు రెండు ట్రాక్‌లు ఉండేవి, వాటిలో సీన్లు వేరువేరు. రెండూ తీసి ఉంటేనే పూర్తి రికార్డు.

నా ఓటు వీడియోకే. మన ఊళ్లో ఎగ్జిబిషన్ జెయింట్ వీల్ దగ్గర సెల్ఫీలు బోలెడు తీసుకుంటాం. పైనుంచి దిగేటప్పుడు వినిపించే కేకలు, మోటార్ మోత, టికెట్ కౌంటర్ మైకు మాత్రం ఎవరూ దాచరు. ఈసారి ఎక్కితే ఫోన్ గట్టిగా పట్టుకుని, కట్ చేయకుండా ఒక రౌండ్ మొత్తం తీయండి. ఫైల్ పేరులోనే తేదీ, మైదానం పేరు రాయండి.