ప్రిలాక్స్ క్రీమ్: తరచూ రక్తం తీయాల్సిన పిల్లలకు నిజంగా పనికొచ్చింది

సూది నొప్పి తెలియకుండా చర్మాన్ని మొద్దుబార్చే క్రీమ్ ఇది. మా పాపకు తొమ్మిదేళ్లు. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ ఉంది, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే లివర్‌ని దెబ్బతీస్తోంది. కామెర్లతో బయటపడింది. చుట్టాలు పసరు పోయించమన్నారు, మేం ఒప్పుకోలేదు. రక్తంలో ఐజీజీ అనే రక్షక ప్రోటీన్ బాగా పెరగడం, లివర్ మీద దాడికి గుర్తైన ఎల్‌కేఎం యాంటీబాడీ కనిపించడం, ఆ తర్వాత లివర్ ముక్క తీసి చూసే బయాప్సీ... అలా జబ్బు ఖాయమైంది.

ఇప్పుడు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రక్షణ వ్యవస్థ జోరు తగ్గించే అజాథయోప్రిన్ వాడుతున్నాం. లివర్ ఎంజైములు దిగుతున్నాయో లేదో చూశాకే స్టెరాయిడ్ డోసు తగ్గిస్తారు. అజాథయోప్రిన్ వల్ల తెల్లకణాలు పడిపోవచ్చు కాబట్టి సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) కూడా చూస్తుండాలి. వీటన్నిటికీ తరచూ రక్తం తీయాలి. ఏళ్ల తరబడి సాగే వైద్యం. మాత్రలకు పాప ఎప్పుడూ మారాం చేయదు, సూది పేరు చెబితే మాత్రం ముందు రోజు నుంచే అన్నం మానేసేది.

ఈ క్రీమ్‌లో లిడోకైన్, ప్రిలోకైన్ అనే మొద్దుబార్చే మందులు చెరో 2.5 శాతం ఉంటాయి. సూది గుచ్చే చోట మందంగా పెట్టాలి, రుద్దకూడదు. పైన పారదర్శకంగా ఉండే డ్రెస్సింగ్ అంటించి గంటసేపు ఉంచాలి. అరగంటకే తుడిచేస్తే చర్మం సరిగా మొద్దుబారదు, పాప మళ్లీ ఏడుస్తుంది, క్రీమ్ మీద నమ్మకం కూడా పోతుంది. గంట ఆగితే సూది దిగినట్టు పాపకు తెలియనే లేదు. "అయిపోయిందా అమ్మా?" అంది. ఆ మాట విన్నాక నాకెంత తేలికనిపించిందో!

ఇబ్బందులూ ఉన్నాయి. రాసిన చోట చర్మం పాలిపోతుంది, నరం కాస్త కుంచించుకుపోతుంది. మా ఇంటికొచ్చే ల్యాబ్ అబ్బాయి "నరం దొరకట్లేదండీ" అన్నాడు. తుడిచాక పది నిమిషాలు ఆగి, చేతిని గోరువెచ్చని నీళ్లలో ఉంచితే పైకి తేలింది. సూదిని చూస్తే పుట్టే భయానికి మాత్రం క్రీమ్ ఏమీ చేయదు, పాప ముఖం ఇటు తిప్పుకుని కబుర్లు చెప్పాల్సిందే.

లివర్ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులకు ముఖ్యంగా చెబుతున్నా. ఈ మందు ఒంట్లోకి ఎంత చేరినా దాన్ని విరగ్గొట్టే పని ఎక్కువగా లివర్‌దే. జబ్బు తీవ్రంగా ఉంటే సొంతంగా రాయకండి, లివర్ డాక్టర్‌ని అడిగి, ఎంత రాయాలో ఎంతసేపు ఉంచాలో చెప్పించుకోండి. సల్ఫా మందులు వాడుతుంటే అదీ చెప్పండి. గాయం, తామర ఉన్న చోట పెట్టొద్దు.

5కి 4 ఇస్తాను. గంట ముందే రాయాలి కాబట్టి ల్యాబ్ వాళ్లు చెప్పిన టైముకు రాకపోతే కష్టం. అందుకే వాళ్లు బయల్దేరే ముందు ఫోన్ చేయమని అడుగుతున్నాను. డాక్టర్ సరేనంటే రెండు చేతులకూ రాయండి, ఒకదాంట్లో నరం దొరక్కపోతే రెండోది సిద్ధంగా ఉంటుంది.