కోటిపల్లి కట్ట మీద పాత రైలు జాడలు

మా మావయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. "కోటిపల్లి లైను ఒకసారి వేసి పీకేశార్రా, మళ్ళీ మన కాలంలో వేశారు" అని చిన్నప్పుడు ఆయన చెప్పిన మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా వేసి పీకేసిన ఆ రైలుదారికి ఏమైనా ఆనవాళ్ళు మిగిలాయా? సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర్లో, మావయ్యా నేనూ ఒక బైకు మీద మూడు రోజులు అదే పని మీద తిరిగాం.

మొదలు రాజమండ్రి. ఇక్కడ వెతకక్కర్లేదు, హేవలాక్ వంతెన గోదావరికి అడ్డంగా కనబడుతూనే ఉంటుంది. 1900లో మొదలై 1997 దాకా మద్రాసు, హౌరా బళ్ళను మోసింది. 56 కానాలు (పిల్లరుకూ పిల్లరుకూ మధ్య ఖాళీలు), దాదాపు 2.7 కిలోమీటర్లు, ఒకటే లైను. పుష్కరఘాట్ నుంచి పొద్దున్నే చూడండి, మంచులో అవతలి ఒడ్డు కనబడదు, గడ్డర్లు నీళ్ళలోకి నడిచిపోతున్నట్టు ఉంటాయి. పిల్లర్ల రాళ్ళ సందుల్లో రావిమొక్కలు వేళ్ళు దింపేశాయి. వంతెన పైకి ఎక్కే ప్రయత్నం చేయకండి. కొవ్వూరు వైపు గోష్పాద క్షేత్రం రేవు నుంచి ఇంకా బాగా కనబడుతుంది, జనం కూడా తక్కువ. దీన్ని పర్యాటకులు నడిచే వంతెనగా మారుస్తారని ఏళ్ళుగా వింటున్నాం. ఆ పని తొందరగా జరగాలని నా కోరిక. ఇంత గట్టి వంతెన తుప్పు పట్టిపోతుంటే ఒడ్డున నిలబడి చూడలేం.

ధవళేశ్వరంలో గంటసేపు ఆగాం. 1853లో బొంబాయి, ఠాణాల మధ్య ప్రయాణికుల రైలు నడవకముందే, 1845 ప్రాంతంలోనే, ఆనకట్ట పనికి రాళ్ళు చేరవేయడానికి ఇక్కడ పట్టాలు వేశారు. ఆ పట్టాల జాడ మాకు ఎక్కడా దొరకలేదు. కాటన్ మ్యూజియం మాత్రం చూడాల్సిందే.

ఆ రాత్రి బస దెబ్బతింది. ఆన్‌లైన్‌లో 'గోదావరి వ్యూ' అని చూసి బుక్ చేసిన లాడ్జిలో కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ. వేడినీళ్ళు లేవు, అడిగితే గంటలో అన్నారు, తెల్లారింది. గది చూశాకే డబ్బు కట్టండి.

రెండోరోజే అసలు యాత్ర. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి దర్శనం చేసుకుని, వీలైనంత వరకు రైలుకట్ట పక్క డొంకదారుల్లోనే కోటిపల్లి వైపు వెళ్ళాం. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో రైలొచ్చింది. పన్నెండేళ్ళు తిరిగింది. 1940లో యుద్ధ అవసరాలకని పట్టాలు ఊడబీకి పట్టుకుపోయారు. అరవై ఏళ్ళు దాటాక, 2004లో, మళ్ళీ 45 కిలోమీటర్ల లైను పడింది. దాని కోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకరు బాలయోగిగారు బండి కూత వినకుండానే 2002లో పోయారు. మేం వెళ్ళిన రోజు ఆ లైనులో బండి లేదు. పట్టాల మీద తుప్పు, మధ్యలో తుమ్మమొక్కలు. రైలెక్కి కోటిపల్లి చూద్దామనుకునేవాళ్ళు ముందు బండి తిరుగుతోందో లేదో కనుక్కోండి.

ఒకచోట కట్ట దిగువన, బోదె ఒడ్డున, సగం మట్టిలో కూరుకుపోయిన ఇటుక తూము కనబడింది. గొడ్లు కడుగుతున్న పెద్దాయన పలకరించారు.

"ఏం చూత్తన్నారండీ?"

"పాత రైలు తాలూకు ఏమైనా ఉందేమో అని, తాతగారూ."

"ఆయ్, ఇది ఆ పాత లైనుదేనండి. మా నాన్న ఈ తూం మీద కూచుని రైలు చూసేవోడంట."

మావయ్య చెప్పులు విప్పి బోదెలో దిగారు. ఇటుకల మీద నాచు గోటితో గీకి, సందులో సున్నం వేలితో నొక్కి చూశారు. "సిమెంటు కాదురా, గానుగసున్నం. ఇంకా రాయిలా ఉంది" అన్నారు. ముప్ఫై ఏళ్ళు కట్టల మీద నడిచిన మనిషి ఆ తూము మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. నాకు ఈ యాత్ర మొత్తానికి అదొక్కటి చాలు. మూడు పంటలు పండే నేల ఇది. ఖాళీగా ఉన్న కట్టను రైతు దున్నుకుంటాడు, ఇటుక దొరికితే పాకకు వాడుకుంటాడు. డెల్టాలో పాత జాడలు నీళ్ళ దగ్గరే వెతకాలని అప్పుడు అర్థమైంది.

కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పడవ, పంటు, ఎక్కి అవతల ముక్తేశ్వరం చేరాం. బైకు కూడా ఎక్కించుకుంటారు. పంటువాళ్ళు మర్యాదస్తులు, మావయ్యకు కూర్చోడానికి చోటిచ్చారు. ఈ గౌతమి పాయలో, కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా వేసే లైను కోసం కట్టిన పిల్లర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. 57 కిలోమీటర్ల ఆ లైను పని 2000 నాటి నుంచి సాగుతూనే ఉన్న కథ. వానాకాలంలో, వరద రోజుల్లో పంటు ఆపేస్తారు, అప్పుడు యానాం వంతెన మీదుగా చుట్టు తిరగాల్సిందే.

బస అమలాపురంలో చూసుకోవడం మేలు. బస్టాండు దగ్గర మామూలు గది తీసుకున్నాం, శుభ్రంగా ఉంది, కరెంటు పోతే జనరేటరు వేశారు. దిండి రిసార్టులు, హౌస్‌బోట్లు కుటుంబంతో వెళ్ళేవారికి బాగుంటాయి. మాలా పొద్దున్నే లేచి తిరిగేవాళ్ళకు ఆ ఖర్చు దండగ. మూడోరోజు అంబాజీపేటలో పొట్టిక్కలు, అంటే పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు, తిన్నాం. పనసాకు వాసనతో వేడివేడిగా, కొబ్బరిచట్నీతో. మావయ్య రెండోసారి కూడా వేయించుకున్నారు.

సాయంత్రానికి దిండి చేరి, చించినాడ వంతెన మీద బైకు పక్కకు ఆపాం. గోదావరి వశిష్ఠ పాయ నిండుగా ఉంది. రోడ్డు వంతెన పక్కనే రైలు పిల్లర్లు. మావయ్య వేలుపెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. చీకటిపడి అవతలి ఒడ్డు పిల్లర్లు కనబడకపోయేసరికి, "రేపు పొద్దున్న నర్సాపురం వైపు నుంచి లెక్కపెడదాం రా" అన్నారు.